మైకు మాష్టారి అరుపు

మా బావకి మైకు అక్కర్లేదు. స్కూలు మైదానంలో ఆయన ఒక్క కేక పెడితే అవతలి వీధిలో ఇస్త్రీ చేసుకునేవాడు కూడా ఉలిక్కిపడతాడు. అందుకే వాలీబాల్ ఆడే ఆడపిల్లలు ఆయన్ని మైకు మాష్టారు అంటారు. పగలంతా కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో కూర్చుని అద్దాలు అరగదీస్తాడు. అక్కడ ఆయన నోట్లోంచి మాట రాదు. సాయంత్రం పిల్లలకి ఆట నేర్పడానికి మైదానంలో అడుగుపెట్టాడంటే దాచుకున్న మాటలన్నీ ఒక్కసారే బయటికొస్తాయి.

ఆయన పద్ధతి ఒకటే. బంతి గాల్లోకి లేవగానే అది ఎవరిదో ఆయనే చెప్పేస్తాడు. "పొడుగూ, నీది! పిచ్చుకా, వదులు!" పిల్లలు బంతిని చూడడం మానేసి ఆయన గొంతు కోసం చెవులు రిక్కించి నిలబడేవాళ్ళు. పిచ్చుక అంటే నా కూతురే. పద్నాలుగేళ్ళొచ్చినా గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉంటుంది. మా అక్కకీ బావకీ పిల్లల్లేరు. ఇది చిన్నప్పటి నుంచీ పెదనాన్న చెప్పిందే వేదమన్నట్టు పెరిగింది. ఆ సంగతి చెప్పుకోవడం బావకి మహా ఇష్టం.

పోయిన ఏడాది స్కూలువాళ్ళు ఒక కొత్త మేడమ్‌ని పెట్టారు. మ్యాచ్ రోజు బెంచీ మీద కూర్చుని ఆడించేది బావే, రోజూ సాధన మాత్రం ఆమెది. ఆమె వస్తూనే సంచిలోంచి తాడునిచ్చెన తీసి నేలమీద పరిచింది. గడి గడికీ కాలు మారుస్తూ, ఎదురుగా వచ్చే టెన్నిస్ బంతిని ఒంటిచేత్తో పట్టుకోవాలి. కన్నూ చెయ్యీ కాలూ ఒకదాని మాట ఒకటి వినాలట. తర్వాత ముగ్గుర్ని వలకి వీపు పెట్టి నిలబెట్టి చప్పట్లు కొట్టేది. వాళ్ళు తిరిగేసరికి బంతి వచ్చేస్తుంది. దాని మీదికి వెళ్ళే పిల్ల తనే "నాది" అని అరవాలి, మిగతా ఇద్దరూ పక్కకి తప్పుకోవాలి. బయటి నుంచి ఎవరూ నోరెత్తకూడదు.

ఆ ఎవరూ అంటే ఎవరో బావకి తెలుసు.

"కోతి ఆటలు" అన్నాడు ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి. "నిచ్చెనలు, బంతులు... రేపు డప్పు కూడా తెస్తుంది చూడు."

"భలే ఉంటుంది పెదనాన్నా! నిన్న నేను ఒక్కటి కూడా వదల్లేదు. మేడమ్ ఏమందో తెలుసా?" అంది పిచ్చుక.

ఆయన తెలుసుకోదలచుకోలేదు. కాఫీ సగంలో వదిలేసి లేచిపోయాడు. ఆ తర్వాత పిచ్చుక మేడమ్‌లాగా జడ పైకెత్తి కట్టుకున్నా తప్పే, మేడమ్‌లాగా మణికట్టుకి రుమాలు చుట్టుకున్నా తప్పే. "బావా, నీకు కడుపుమంట" అన్నాను మొహమ్మీదే. "నాకా? ఆ మేడమ్ మీదా?" అని ఒంటికాలి మీద లేచాడు. లేచిన తీరులోనే నాకు జవాబు దొరికింది.

అంతటితో ఆగితే ఆయన మా బావ ఎందుకవుతాడు? దుకాణం వెనకగదిలో నేలమీద సుద్దతో గళ్ళు గీసుకున్నాడట. చేతిలో అద్దాల ట్రేతో గెంతులు మొదలుపెట్టాడట. మూడో గడిలో కాలికి కాలు అడ్డం పడి, ట్రేని కాపాడుకోబోయి నడుం గోడకేసి కొట్టుకున్నాడు. యజమాని తలుపు దగ్గర నిలబడి, "ఏంటండీ, తొక్కుడుబిళ్ళా?" అన్నాడట. మా అక్క నడుముకి మందు రాస్తూ ఇదంతా చెప్పి పడీ పడీ నవ్వింది. బావ మాత్రం గోడవైపు తిరిగి పడుకుని, "అది ఇప్పుడు నా వైపు చూడనైనా చూడదే" అన్నాడు. అక్క నవ్వు ఆగిపోయింది.

ఆఖరి మ్యాచ్ వచ్చింది. గెలిస్తే పిల్లలు పై పోటీలకి వెళ్తారు. పిచ్చుక ఆ ప్రయాణం కోసం బట్టలు కూడా సర్దిపెట్టుకుంది. ఆట మొదలయ్యే ముందు మేడమ్ బావ దగ్గరికొచ్చి, "మాష్టారూ, ఈ ఒక్కసారి వాళ్ళనే పిలుచుకోనివ్వండి" అంది మర్యాదగానే. బావ తలూపాడు. నేను వెనక వరసలోనే కూర్చున్నాను, నా కళ్ళతో చూశాను.

పిల్లలు నిజంగా బాగా ఆడారు. "నాది", "నాది" అంటూ ఒకరికొకరు దారిస్తూ, తలా ఒక చెయ్యేసి ఇల్లు సర్దుకున్నట్టు ఆడారు. బెంచీ మీద బావకి పనే లేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని పెదవులు బిగించి కూర్చున్నాడు. పిచ్చుక పాయింటు తెచ్చినప్పుడల్లా మేడమ్ వైపే చూసి నవ్వుతోంది. ఆ నవ్వు వెళ్ళిన ప్రతిసారీ ఈయన మొహం ఇంకాస్త మాడిపోతోంది.

చివరికొచ్చేసరికి అవతలివాళ్ళకి ఒక్క పాయింటు చాలు. బంతి వల దాటి పిచ్చుకకీ పొడుగుకీ మధ్యకి వచ్చింది. "నాది!" అని అరిచింది పిచ్చుక, అచ్చం మేడమ్ గొంతుతో. పొడుగు పిల్ల పద్ధతిగా పక్కకి తప్పుకుంది.

"పిచ్చుకా, వదులు!"

మైదానమంతా మోగింది. నా కూతురి చేతులు బంతి కింద నుంచి ఠక్కున పక్కకి పోయాయి. బంతి ఇద్దరి మధ్యా నేలమీద పడింది.

అలవాటుగా వచ్చేసిందని బావ ఈరోజుకీ అంటాడు. నేను నమ్మను.

అవతలివాళ్ళు గంతులేస్తున్నారు. మేడమ్ పొడుగు పిల్ల భుజం మీద చెయ్యేసి తీసుకుపోయింది. పిచ్చుక తిన్నగా బెంచీ దగ్గరికి వచ్చింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని నేను గబగబా కిందికి దిగాను. దాని మొహంలో కోపమే లేదు. బెదిరిపోయి, తప్పు చేశానేమో అన్నట్టు ఆయన కళ్ళల్లోకి చూసింది.

"నువ్వే కదా పెదనాన్నా వదలమన్నావు? వదిలేశా. సరిగ్గానే విన్నానా?"

ఏడాదిగా ఆయన కుళ్ళిపోయింది ఆ ఒక్క చూపు కోసమే. మా మైకు మాష్టారు, పక్కనున్న నాకే వినిపించీ వినిపించనట్టు, "సరిగ్గానే విన్నావమ్మా" అన్నాడు.