తవిటినాయుడు గారి మందుల కొట్టు

ఇవాళ పొద్దున్న నేనిప్పుడు పనిచేస్తున్న కొట్లో తెగుళ్ల మందు పొట్లమొకటి చిరిగి పసుపు పొడి బల్ల మీద ఒలికింది. ఆ గంధకపు ఘాటు ముక్కుకి తగలగానే తవిటినాయుడు గారు గుర్తొచ్చారు. డిగ్రీ అయిన ఏడాది, బొబ్బిలిలో ఆయన పురుగుమందుల కొట్లోనే నేను మొదట పనికి చేరాను.

మొక్కజొన్నకు జబ్బు చేసిందని ఎవరొచ్చినా ఆయన ముందు ఆకు అడిగేవారు. తేకపోతే మందు ఇచ్చేవారు కాదు. ఒకసారి నా చేతిలో రెండాకులు పెట్టారు. "ఇది సూడు పిల్లా. మచ్చ పడవలాగ పొడుగ్గా ఉన్నాది. ఎండాకు తెగులు. కింది ఆకుల్లో కనపడగానే మందు కొడితే ఆగుతాది. ఈ రెండోదానికి కొన నుంచి నడిమి ఈనె పొడుగునా పసుపు దిగింది. దీనికి మందెందుకు, యూరియా సాలు." రైతుకీ అదే చెప్పి, మందు అమ్మకుండానే పంపేసేవారు. అలాంటి మనిషి దగ్గర పని దొరికిందని నాకు గర్వంగా ఉండేది.

తరువాత మా ఎదురుగా కొత్త కొట్టు వెలిసింది. అక్కడ ఆకు అడగరు. రైతు నోరు తెరిచేలోగా నాలుగు రకాల మందులు సంచిలో వేసేస్తారు. మాకు బేరాలు తగ్గాయి. "తవిటినాయుడు మందడిగితే పాఠం సెప్తాడు" అని జనం నవ్వుకునేవారు. ఆయన విననట్టే ఉండేవారు గానీ, సాయంత్రాలు ఎదురు కొట్టు వైపే చూస్తూ కూర్చునేవారు.

ఆ రబీలో పైడమ్మ అనే కౌలురైతు వచ్చింది. ఆమె తెచ్చిన ఆకు నిలువునా మాడిపోయి ఉంది. పై ఆకులు కూడా అలాగే ఎండిపోయాయని, కండెల్లో గింజ సగమే పట్టిందని చెప్పింది.

"ఇంక ఏటి సెయ్యమంతారు బాబూ?"

చేను అంత ఎండాక మందు కొట్టి లాభం లేదని నాకు నేర్పింది ఆయనే. అదే చెప్పబోయాను. ఆయన నాకు అడ్డొచ్చి, ఖరీదైన మందు సీసాలు తీసి ఆమె ముందు పెట్టారు.

"కొట్టమ్మా. తేరుకుంతాది."

ఆమె వెళ్లాక, "పనిచెయ్యదని మీకు తెలుసు కదండీ" అన్నాను.

"నేను నేదంటే ఎదురు కొట్టుకెళ్లి కొంతాది. ఆ బేరమేదో మనకే రానీ" అన్నారు, నా వైపు చూడకుండా.

పంట పోయింది. పైడమ్మ మళ్లీ వచ్చింది, తిట్టడానికి కాదు. "నేనే ఆలీసెం సేసినాను బాబూ" అని కళ్లొత్తుకుంది. ఆయన అవునన్నట్టు తలూపారు. ఆ తలూపడాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆ నెలాఖరుకే మానేసి, గజపతినగరం వచ్చి ఈ కొట్లో చేరాను.

మొన్న బస్టాండులో కనిపించారు. బాగా చిక్కిపోయారు. పక్కనున్నాయనకి నన్ను చూపించి, "మా పిల్లే. పని నా దగ్గరే నేర్సింది" అని మురిసిపోయారు. పైడమ్మ మాట ఎత్తాలనిపించింది. కానీ ఆయన చెప్పింది నిజమే. ఆ రోజు ఆయన చేసింది తప్పని గుర్తుపట్టేపాటి చదువు కూడా నాకు ఆయన చెప్పిందే.