ముందున్నది ఏ స్వామి?

కర్నూలు నుంచి కడపకు మోటారు నడుపుకుంటూ పోయేవాళ్లకు ఒక సలహా చెప్పాలని ఇది రాస్తున్నాను. సలహా చెప్పే అర్హత నాకు ఎంతమాత్రం లేదని చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

నేను బడిపంతులుని. సొంత ఊరి వైపు బదిలీ కోసం కడపలో ఒక ఆఫీసరుకు అర్జీ ఇవ్వాలి. సోమవారం సాయంత్రం ఐదులోపే అందాలని ఎవరో చెబితే నమ్మాను. ఎనిమిదికి బయల్దేరాల్సిన బస్సు తొమ్మిదింబావుకు కదిలింది. టికెట్టు మూడున్నర రూపాయలు. డ్రైవరు పక్కన ముందు సీటు దొరికింది. ఆ సీటు దొరక్కపోయుంటే ఎంత బాగుండేదో.

డ్రైవరు పేరు మద్దిలేటి. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. ఓర్వకల్లు దాటాక మాట కలిపాడు.

"ముప్పై మైళ్లు దాటితే కేసు అయివారూ. ఒక పోలీసు ఫర్లాంగు రాయి చాటున దస్తీ పట్టుకోని కూచోనుంటాడు. బండి దాటంగానే దస్తీ ఊపుతాడు. అవతల రాయి కాడ ఇన్‌స్పెక్టరు గడియారం చూస్తాంటాడు. ఆడికి పొయ్యేలోపల మన లెక్క తేలిపోతాది."

"వాళ్లుండారని ముందే తెల్సుకునేదెట్ల?"

"అది బండిని బట్టి ఉంటాది. లారీ అయితే లోడు మీద క్లీనరు కూచోనుంటాడు, వాని కండ్లు శానా దూరం పోతాయి. కారుకు ఆ వసతి లేదు, టీ అంగళ్ల కాడ నిలపాల. అంగడాయప్ప గలాసు బోర్లించి పెట్టినాడంటే ముందర ఉండారని. మేం టయానికి పోవాల, అంగడంగడికీ నిలపలేం. ఎదురొచ్చే బండోడే మాకు దిక్కు."

ఎదురొచ్చేవాడు స్టీరింగు వదిలి రెండు చేతులూ జోడిస్తే ముందు స్వామి ఉన్నాడని అర్థమట. డ్రైవర్ల భాషలో స్వామి అంటే ఇన్‌స్పెక్టరు. ఎవడైనా అడిగితే దండం పెట్టుకున్నామని చెప్పొచ్చు, కేసేమీ ఉండదు. నేను నవ్వాను. మద్దిలేటి నవ్వలేదు.

"నా లైసెన్సులో రెండు రాసినారు. మూడోది పడితే పీకేస్తారు. బండి తోలేది తప్ప నాకేం రాదు అయివారూ. ఇంట్లో ఆరుమందిమి."

పదకొండున్నరకు నంద్యాల. హోటల్లో అన్నం, పప్పు, ఊరిబిండి. తిండి బాగుంది, ఈ ప్రయాణంలో బాగున్నది అదొక్కటే. శిరివెళ్లలో ఒక అవ్వ చేతిలో టెంకాయతో ఎక్కి నా వెనక కూచుంది.

"స్వామి పల్లకి ఈ రొండు మూడు దినాల్లో రోడ్డు మీదికి వస్తాదంట నాయనా. యాడన్నా ఎదురైతే కాయ కొట్టాల," అంది.

ఆ రోజుల్లో అహోబిలం స్వామి పల్లకి పారువేటకు బయల్దేరి ఊరూరా తిరుగుతుంటుంది. తన పెళ్లికి తానే జనాన్ని పిలుచుకుంటూ నలభై రోజులు కొండ దిగి తిరిగే దేవుడు. ఆ నలభై రోజులూ డ్రైవర్ల గుర్తు మారిపోతుందని మద్దిలేటి చెప్పాడు.

"ఇప్పుడు చేతులు జోడిచ్చినామంటే నిజం స్వామికే. ఇన్‌స్పెక్టరుకైతే చెవి పట్టుకుంటాం. ఆ పక్క కడప బండ్లోళ్లకు ఈ సంగతి తెల్దు, వాళ్లు ఎప్పుడూ జోడిచ్చేదే."

ఈ ఆఖరి మాట నేను విన్నాను. విని మరిచిపోయాను. ఆళ్లగడ్డ చేరేసరికి రెండు కావస్తోంది, నా కళ్లు నా చేతి గడియారం మీదే ఉన్నాయి.

ఆళ్లగడ్డ దాటి అరగంట పోయాక ఒక లారీ ఎదురొచ్చింది. డ్రైవరు రెండు చేతులూ జోడించి మమ్మల్ని దాటిపోయాడు. మద్దిలేటి కాలు వెంటనే వెనక్కి తీశాడు, బస్సు మందగించింది.

"ఈ లారీ యాడిదో. మా పక్కది కానట్లుండాది," అన్నాడు.

"ఇంకే స్వామప్పా, అహోబిలం స్వామే. అవ్వ చెప్పింది వినలేదా? పల్లకి రోడ్డెక్కిందంటే గంటసేపు కదలలేం. అది రాకముందే దాటించు," అన్నాను.

"నిదానంగా పోతే పోలా అయివారూ."

"చదువుకున్నోణ్ణి చెప్తాండా గదా. ఐదుకు నా ఆఫీసు మూసేస్తారు."

వెనక అవ్వ అప్పటికే టెంకాయ చేతిలోకి తీసుకుని కళ్లకద్దుకుంటోంది. మద్దిలేటి ఒకసారి అవ్వను చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. పంతులు అబద్ధం చెప్పడనుకున్నాడు కాబోలు, కాలు గట్టిగా తొక్కాడు.

రాయి చాటున తెల్ల దస్తీ ఊగడం నేనే ముందు చూశాను. రెండో రాయి దగ్గర తంగేడు చెట్ల చాటునుంచి ఇన్‌స్పెక్టరు గడియారంతో రోడ్డు మీదికొచ్చి చెయ్యెత్తాడు. మద్దిలేటి దిగి లైసెన్సు ఇచ్చాడు. ఆయన మూడోది రాసి, కడపలో బండి నిలిపి లైసెన్సును అక్కడి మోటారు ఆఫీసులో ఒప్పజెప్పమన్నాడు. తొందరపెట్టింది నేనేనని దిగి చెప్పొచ్చు. చెబితే విడిచిపెట్టేవాడా అంటే తెలియదు. చెప్పలేదన్నది మాత్రం నాకు తెలుసు. సిగ్గులేని నా కాళ్లు సీటు వదల్లేదు.

నాలుగూ యాభైకి కడప. ఆఫీసుకు పరుగెత్తాను. బంట్రోతు బీడీ ఆర్పి, "దొరగారు క్యాంపు. బుధవారం వస్తారు. ఈ కాయితానికి గడువేమీ లేదు గదా స్వామీ," అన్నాడు. స్వామీ అన్న ఆ పిలుపుకు చెంప మీద కొట్టినట్టయింది. సత్రంలో రెండు రాత్రులు పడుకున్నాను, పడుకున్నానే గానీ నిద్రపోలేదు. బుధవారం దొరగారు అర్జీ చదవకుండానే బల్లమీద కాయితాల బరువు కింద పెట్టారు.

గురువారం ఉదయం ఏడింటికి తిరుగు బస్సు. అదే బండి, కొత్త డ్రైవరు. నా పక్క సీట్లో మద్దిలేటి, చేతిలో టికెట్టుతో. మూడు రోజులు లైసెన్సు కోసం మోటారు ఆఫీసు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడట. నన్ను తిట్టలేదు. మలుపు వచ్చినప్పుడల్లా అతని కుడికాలు అడుగుచెక్కను తొక్కుతూనే ఉంది. అది చూడలేక మైదుకూరు నుంచి కిటికీ వైపు తిరిగి కూచున్నాను. ఈ దారి గురించి నాకు మిగిలిన అభిప్రాయం ఇంతే: క్లీనరు కళ్లు నమ్మండి, బోర్లించిన గలాసు నమ్మండి, మీ బండికి ఏది తగితే అది నమ్మండి. గడియారం చూసుకునే ప్రయాణికుణ్ణి మాత్రం నమ్మకండి.

చాగలమర్రి దాటాక ఎదురొచ్చిన బస్సు డ్రైవరు చేతులు జోడించాడు. కొత్త డ్రైవరు నిదానించాడు. ఈసారి నేను నోరు విప్పలేదు.

మలుపులో డోలు వినబడింది. తంగేడు పూలు కట్టిన పల్లకి రోడ్డుకు అడ్డంగా, చుట్టూ జనం. బస్సంతా దిగింది, మద్దిలేటి కూడా దిగాడు. నేను దిగలేదు.

కాసేపటికి అతను ఎక్కి వచ్చి నా చేతిలో టెంకాయ ముక్క పెట్టాడు.

"తీసుకోండి అయివారూ," అన్నాడు. "మీరు చెప్పిన స్వామే. మూడు దినాలు లేటుగా వచ్చినాడు."