చౌటి నీళ్లకు ఎర్రబడని పసుపు

నా జబ్బును మొదట కనిపెట్టింది వైద్యుడు కాదు, కన్నతల్లీ కాదు. మా ఇంటి బట్టలు ఉతికే అవ్వ. ఈ మాట చెబితే నా మనవరాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఆమె లేకపోతే వాళ్లను నవ్వించడానికి నేను ఉండేదాన్ని కాదు. ఇన్నేళ్లయినా ఆమెను తలుచుకోని రోజు లేదు.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న కాలం. తొలి కాన్పుకు వడమాలపేట దగ్గర మా పుట్టింటికి వచ్చాను. సుఖంగానే ఆడపిల్ల పుట్టింది. ఆ రోజు నుంచి నేను పూర్తిగా మా అమ్మ చేతుల్లో పడ్డాను. బాలింతను చూసుకోవడంలో తనను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరని ఆమె గట్టి నమ్మకం. రోజూ ఒళ్లంతా పసుపు పట్టించి, చర్మం ఊడేంత వేడి నీళ్లు పోసేది. శొంఠి, మిరియాలు, బెల్లం కలిపి నేతిలో ఉడికించిన కాయం ముద్ద పొద్దున్నే నోట్లో పెట్టేది. మధ్యాహ్నం అన్నంలో వెల్లుల్లి కారం, దాని మీద గరిటెడు నువ్వుల నూనె.

మూడో వారంలో అన్నం చూస్తేనే కడుపులో తిప్పడం మొదలైంది. తిన్నది నిలిచేది కాదు. కుడి డొక్కలో బరువు, లేచి నిలబడితే కళ్లు తిరగడం. "బాలింత నీరసం. నెయ్యి చాల్లేదు" అని అమ్మ ఇంకో గరిటె వేసేది. ముఖం పచ్చగా ఉందంటే ఉండదా మరి! అంత పసుపు పూస్తే ఎవరి ముఖమైనా పచ్చగానే ఉంటుంది. కళ్లు చూద్దామన్నా, గాలి తగలకూడదని కిటికీ మూసిన గదిలో ఏం కనబడుతుంది?

ఒకరోజు పొద్దున అవ్వ పెరట్లోకి వచ్చి, మూట కూడా దించకుండా అమ్మను పిలిచింది. మంచం మీద నాకు అన్నీ వినబడుతున్నాయి.

"అమ్మా, నిన్న రేవులో సూసినా. బాలింత గుడ్డల్లో పసుపు కాని పసుపు ఉండాది."

"ఏం వాగతా ఉండావే? నా కూతురికి దిష్టి పెడతావా?"

"తిట్టినా సరే, ఒక్కసారి సూడమ్మా."

అమ్మ ఇంకా తిడుతూనే ఉంది. అవ్వ ఆ తర్వాత చేసింది అమ్మ చెప్పగా విన్నాను. బట్టలుతికే చౌడు మన్ను తీసి నీళ్లలో కలిపింది. మా వంటింటి పసుపే అడిగి తీసుకుని, తన కొంగుకు రుద్ది ఆ నీళ్లలో ముంచింది. కొంగు ఎర్రబడింది. తర్వాత నేను విడిచిన చీర ముంచింది. పసుపు అంటిన చోటల్లా ఎర్రబడింది. కింద ఒక్క మరక మాత్రం పచ్చగానే ఉండిపోయింది.

"ఇది పూసుకున్న పసుపు గాదమ్మా. ఉచ్చలో పోతా ఉండాది. పచ్చకామెర్లు."

అమ్మ పరుగున వచ్చి కిటికీ తెరిచింది. నా కనురెప్ప పైకెత్తి చూసింది. అంత గయ్యాళి మనిషీ అక్కడే కూలబడి, "నా చేత్తో నేనే పెట్టినానే, నా చేత్తో నేనే పెట్టినానే" అని తల బాదుకుంది.

నాయన ఆ పూటే బండి కట్టించి నన్ను తిరుపతికి తీసుకుపోయాడు. డాక్టరు నా కడుపు నొక్కి చూసి కాలేయం వాచిందన్నాడు. నూనె, నెయ్యి చుక్క తగలకూడదని, మంచం దిగకూడదని చెప్పాడు. ఇంకో వారం అట్లాగే తినిపించి ఉంటే తన దగ్గరికి తెచ్చినా లాభం ఉండేది కాదని నాయనను పక్కకు పిలిచి చెప్పాడట.

ఇంటికి రాగానే అమ్మ నూనె జాడీని అటకెక్కించింది. నాకు బార్లీ గంజి, పల్చటి మజ్జిగ, చెరకు రసం. పాపకు ఆవుపాలు. నాకు వాసన తగిలితే మనసు లాగుతుందని ఇల్లంతటికీ తాలింపు బంద్. నాయన చప్పిడి కూరలు తిని పల్లెత్తు మాట అనలేదు. అమ్మ ముందు అనే ధైర్యం ఎవరికుంది?

నెల దాటాక నా కళ్లు తెల్లబడ్డాయి. నేను బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్న తొలి రోజున అవ్వ వచ్చింది. అమ్మ ఆమె చేతిలో కొత్త చీర పెట్టి, "ఆ పొద్దు నోరు జారినాను. మనసులో పెట్టుకోవద్దు" అంది. మా అమ్మ తప్పు ఒప్పుకోగా వినడం నాకు అదే మొదలు.

"నీకెట్లా తెలిసిందవ్వా?" అని అడిగాను.

అవ్వ చీర మడత నిమిరింది. "నా కూతురు గూడా తొలి కాన్పుకే వచ్చింది తల్లీ. దాని గుడ్డలు నేనే ఉతికినా. ఎర్రబడలా. చౌట్లో సారం లేదేమోననుకోని, ఇంకో గుప్పెడు ఏసినా."

లోపల పాప ఏడ్చింది. తీసుకొచ్చి అవ్వ ఒళ్లో పెట్టాను. ఆ రోజుల్లో మా ఇళ్లల్లో ఎవరూ బట్టలుతికేవాళ్ల ఒళ్లో బిడ్డను పెట్టేవాళ్లు కాదు. అమ్మ చూసింది, వద్దనలేదు. పాప గుక్కపట్టి ఏడుస్తూనే ఉంది. అవ్వ మెల్లగా జోకొడుతూ, "ఏడవొద్దు తల్లీ, ఏడవొద్దు. మీ యమ్మ ఉండాది. ఈడే ఉండాది" అంది.