రెండు గేట్ల మధ్య కాలిబాట

పటాల ఆఫీసులో ఆవిణ్ని అందరూ చుక్కలక్క అనేవారు. కాలిబాటలను పటం మీద చుక్కల గీతలుగా వేయడం ఆవిడ పని.

ఈసారి ఆవిడ చేతికి ఊరి శివారు షీటు వచ్చింది. పాత షీటులో అదంతా పచ్చని తోట. విమానం నుంచి తీసిన కొత్త ఫోటోలో ఎటు చూసినా ఇళ్లే. గుట్టను కంకర కోసం ఒక పక్క తొలిచేశారు కాబట్టి ఎత్తు చూపే గీతలు మళ్లీ గీసింది. వాగు రోడ్డు కింద గొట్టంలోకి దూరిపోయింది, దాన్నీ సరిచేసింది. ఎటూ తేలనిదల్లా తోటకు అడ్డంగా బడి దాకా పోయే పాత కాలిబాట.

"ఫోటోలో లేదుగా, తీసేయండి," అన్నాడు ఆఫీసరు.

"ఒకసారి నడిచి చూసొస్తానండి."

పాత షీటు పట్టుకుని బయల్దేరింది. రెండు ప్రహరీల నడుమ సన్నటి సందు దొరికింది. అది తిన్నగా ఒక ఇంటి గేటు దగ్గర ఆగిపోయింది. సరే, ఇక కొట్టేయడమే అనుకుంటుండగా, బడిపిల్లలు ఇద్దరు వెనకనుంచి వచ్చి, గేటు తోసుకుని, ఆరేసిన దుప్పట్ల కింద నుంచి దూరి అవతలి గేటులోంచి వెళ్లిపోయారు.

పెరట్లో బట్టలు ఆరేస్తున్న పెద్దావిడ తలైనా తిప్పలేదు.

"ఇది దారా పిన్నిగారూ?"

"ఇల్లమ్మా. గోడ కట్టిన కొత్తలో, ఇటు నుంచి వెళ్లొచ్చా అని పొద్దస్తమానం తలుపు కొట్టేవాళ్లు. ప్రాణం విసిగి రెండు గేట్లు పెట్టించాం."

చుక్కలక్క తానొచ్చిన పని చెప్పగానే, కుర్చీలో పేపరు చదువుతున్న పెద్దాయన ముఖం చాటంతయింది. "మన పెరడు పటంలోకెక్కుతుందన్నమాట. వెయ్యమ్మా."

"వెయ్యకు తల్లీ," అంది పెద్దావిడ. "ఈ చుట్టుపక్కల వాళ్లయితే సరే. ముక్కూ మొహం తెలియనివాళ్లు పటం పట్టుకుని వస్తే? ఈయనకేం, కబుర్లు చెబుతూ కూర్చుంటారు. టీలు పెట్టేది నేను."

"నువ్వు పెట్టే టీకి ఎవరూ రెండోసారి రారులే."

చుక్కలక్క నవ్వాపుకోలేకపోయింది. ఉన్న దారిని లేదనడానికి ఆవిడకు మనసొప్పలేదు. ఆ ఇంటి మనశ్శాంతి పోగొట్టడమూ ఇష్టం లేదు. పెద్దావిడ ఇచ్చిన టీ తాగుతూ కాసేపు తర్జనభర్జన పడింది. టీ బాగానే ఉంది. చివరికి చుక్కలను ఇటు ఈ గేటు దాకా, అటు ఆ గేటు నుంచి బడి దాకా వేసి, ఇల్లున్న చోట ఖాళీ వదిలేసింది.

"మధ్యలో తెగిందేం?" అడిగాడు ఆఫీసరు.

"తెగలేదండి. అక్కడ అడిగి వెళ్లాలి."

ఆయన కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని, సంతకం చేశాడు. షీటు అచ్చయ్యాక చుక్కలక్క ఒక ప్రతి తీసుకెళ్లి పెద్దాయన చేతికిచ్చింది. ఆయన దాన్ని గేటుకే అంటించబోతే, పెద్దావిడ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది.