స్తంభానికి తిట్లు

మా ముత్తాత దివాను, తాత మునసబు. మా ఇంట్లో కోడళ్లను ముఖం మీద తిట్టేవారు కాదు. వాళ్లకు వినపడేలా మండువాలో స్తంభాన్ని తిట్టేవారు.

ఉద్యోగం మానేసి బేకరీ పెడతానన్న నా కూతురితో అమెరికాలోని ఎడిసన్‌లో రైలెక్కాను. కిటికీ వైపు చూస్తూ, "కొందరికి వంశం పరువు పట్టదు" అన్నాను.

"నాన్నా, విండోని తిడుతున్నారా?" అని నవ్వి, ఎదుటి సీటులోని చైనీస్ పెద్దావిడకు సంగతి ఇంగ్లిష్‌లో చెప్పింది.

ఆవిడ ఆవిరి పట్టిన అద్దంపై వేలితో ఒక అక్షరం రాసింది. పైన ఉన్నది వల గుర్తు, కింద ఉన్నది మాట గుర్తు అని చూపించింది.

"దీన్ని 'లీ' అని పలుకుతాం. ఇంకొకరి మీద పెట్టి తిట్టడం. ఎదురుగా తిడితే 'మా', ఆ అక్షరం వేరు. మా అమ్మది ఎప్పుడూ లీయే. నాకు జవాబు చెప్పే వీలే దొరకలేదు."

నేను కూతురి వైపు తిరిగాను. "నీ మీద నాకు కోపంగా ఉంది."

"ఓకే నాన్నా, చెప్పండి" అంది.

ఊళ్లో మా మండువా స్తంభాలను ఎప్పుడో కలప వ్యాపారికి అమ్మేశాం.