హాలియా పక్క ఊరి ఆర్కెస్ట్రా, దేవదానం తాత క్లారినెట్

ఆర్కెస్ట్రా అనగానే నాకు పెళ్లి బరాత్‌లో రంగు లైట్లు, చెవులు చిల్లులు పడే స్పీకర్లు గుర్తొస్తాయి. అందుకే మహబూబ్‌నగర్‌లో నాతో పనిచేసే అంజలి "మా ఊర్ల ఆర్కెస్ట్రా ఉన్నదక్కా" అన్నప్పుడు టిఫిన్ డబ్బా మీంచి తల కూడా ఎత్తలేదు. ఆమె ఊరుకోకుండా ఫోన్ నా ముఖం ముందు పెట్టింది. డప్పులు, హార్మోనియం, చర్చి కీబోర్డు, వాటి మధ్య తెల్ల చొక్కా వేసుకున్న ఒక ముసలాయన క్లారినెట్. ఒకరి కోసం ఒకరు ఆగుతూ వాయిస్తున్నారు. నా అన్నం చల్లారిపోయింది. "గాయన మా దేవదానం తాత. ఇది పోయిన ఏడాదిది. ఇప్పుడు పళ్లన్నీ ఊడినయ్, నల్లగొండల కట్టుడు పళ్లు పెట్టించుకున్నడు. మళ్లీ వాయిస్తడో లేదో ఈ ఆదివారం తేలిపోతది" అంది. క్లారినెట్ మూతిని పై పళ్లతో అదిమి పట్టి ఊదాలట. అది తెలిశాక ఆయన ఏమవుతాడోనన్న బెంగ నాకూ పట్టుకుంది. ఆదివారం బయలుదేరాను.

హాలియాకు నేరుగా బస్సు దొరుకుతుందని కాచుక్కూర్చోకండి. పొద్దున ఆరు గంటలప్పుడు మహబూబ్‌నగర్ బస్టాండులో కల్వకుర్తి బస్సు ఎక్కి, అక్కడ దిగి దేవరకొండకు, మళ్లీ అక్కడ దిగి హాలియాకు మారాను. ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్ బస్సుల దాకా టికెట్ లేదు, ఆధార్ కార్డు ఉంటే చాలు. మగవాళ్లు రెండు మూడు వందలు దగ్గర పెట్టుకోండి. దేవరకొండలో బండి మీద ఇడ్లీ తిన్నాను. ఇడ్లీ సంగతి ఎలా ఉన్నా పల్లీ చట్నీ మాత్రం రెండోసారి అడిగి వేయించుకున్నాను. దారి పొడుగునా ఎర్ర చెల్క నేలలు, పత్తి చేలు, బండరాళ్ల గుట్టలు. హాలియా దగ్గర పడుతుంటే కాలువ నీళ్లు, వరి మళ్లు మొదలై కళ్లకు చల్లగా తగిలాయి. అప్పటికి మధ్యాహ్నం అవుతోంది.

హాలియాలో మెస్సులో భోంచేసి ఊరికి షేర్ ఆటో ఎక్కాను. ఇరవై రూపాయలు. డ్రైవర్ సైదులుకు అంజలి ముందే ఫోన్ చేసి చెప్పింది. అతను ఆర్కెస్ట్రాలో డప్పు వాయిస్తాడు.

"ఎట్ల మొదలైంది సైదులూ మీ ఆర్కెస్ట్రా?"

"కొట్లాటతోటి అక్కా" అని నవ్వాడు. "తెలంగాణ వచ్చిన నాడు ఊరేగింపు తీసినం. మేం డప్పులోళ్లం ముందట, చర్చి బ్యాండోళ్లు నడిమిట్ల, భజనోళ్లు ఎన్క. ఎవరి పాట వాళ్లదే. ఎవ్వడు తగ్గలె. ఎడ్లు బెదిరి తాళ్లు తెంపుకోని పొలాలల్ల పడ్డయ్. తెల్లారి దేవదానం తాత అందర్ని ఒక్క జాగల కూసోబెట్టిండు. ముందుగాల వినుండ్రి, ఎన్క వాయించుండ్రి అన్నడు."

అప్పటినుంచి వాళ్లకు ఒక పద్ధతి ఉంది. కొత్తగా చేరినవాళ్లు ఎంతటి వాద్యగాళ్లైనా ఒక పంట కాలం చేతి తాళాలే వాయించాలి. తాళాలు పట్టినవాళ్లు మిగతా అందరినీ వినక తప్పదు కదా. ఎవరినీ తీసేయడం మాత్రం ఉండదు. వాయించడం కుదరకపోతే వాళ్లు మళ్లీ తాళాలకు రావాలి. కుదురుతుందో లేదో అనుమానం వస్తే అందరి ముందు ఒంటరిగా ఒక పాట వాయించి చూపాలి. ఆ కాసేపు ఇంకెవరూ వాద్యం ముట్టుకోకూడదు.

"కుదరకపోతే తాత తాళాలకు వస్తడా?"

సైదులు నవ్వు పోయింది. "రాడక్కా. ఇంట్ల కూసుంటడు గని రాడు. ఆయన లేకపోతే మేం మళ్లీ మూడు తొవ్వలు పడతం."

మూతపడిన రైస్ మిల్లు షెడ్డులో వాళ్లు కలుస్తారు. నాలుగు గంటలకు ఒక్కొక్కరే వచ్చారు. కూలీలు, రైతులు, హాలియా మిల్లులో పనిచేసే హమాలీ, చర్చిలో కీబోర్డు వాయించే టీచరమ్మ. హార్మోనియం యాదగిరి గారిది, ఆయన గుళ్లో భజనకూ వాయిస్తారు. దేవదానం తాత అందరికంటే ముందే వచ్చి గోడవారగా కూర్చున్నాడు. ఆయన భార్య మరియమ్మ గడప దగ్గర టీ పోస్తోంది. ఆర్కెస్ట్రా పుట్టినప్పటినుంచి అందరికీ టీ ఆమెదే.

తాత పక్కన కూర్చుని, తాళాలు పడితే మాత్రం ఏమవుతుందని అడిగాను. అడగకూడదేమో, నోరు ఊరుకోలేదు.

"గా తాళాలు ఈళ్లందరి చేతుల నేనే పెట్టిన బిడ్డా" అన్నాడు. "ఇప్పుడు ఈళ్లు నా చేతుల పెడతరు. మంచిగనే పెడతరు, ఇజ్జత్‌తోటే పెడతరు. గది చూసుడు నాతోటి కాదు."

యాదగిరి గారు గొంతు సవరించుకుని "ఇగ కానీ మామా" అన్నారు. తాత లేచి ఎప్పుడూ వాళ్లు మొదట వాయించే నాట్ల పాట ఎత్తుకున్నాడు. రెండో ఊపిరికే కట్టుడు పళ్లు జారి క్లారినెట్ కీచుమంది. సర్దుకుని మళ్లీ ఊదాడు, మళ్లీ అదే. అప్పుడాయన పళ్ల సెట్టు తీసి, చేతి రుమాలులో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పెదాలు లోపలికి మడిచి ఊదాడు. నాదం వచ్చింది! కాస్త బొంగురుగా, మెత్తగా, కింది స్థాయిలో పాట చక్కగా నడిచింది. సైదులు కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, దాచడమెందుకు.

కానీ ఆ పాటలో పైకి ఎక్కే చరణం ఒకటుంది. అక్కడికి వచ్చేసరికి పెదాల పక్కనుంచి గాలి పోయింది, స్వరం రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. రాలేదు. యాదగిరి గారి వేళ్లు హార్మోనియం మెట్ల దాకా వచ్చాయి గానీ నొక్కలేదు. తాత క్లారినెట్ కిందికి దించాడు.

అప్పుడు గడప దగ్గరనుంచి మరియమ్మ ఆ చరణం పాడింది. టీ గిన్నె చేతిలోనే ఉంది. మడిలో వంగి నాటు వేస్తూ పక్క మడికి వినిపించేలా పాడతారే, ఆ గొంతు. చరణం పాడి, పాటను కిందికి దించి, ఆయన వైపు చూసి ఆగింది. తాత క్లారినెట్ ఎత్తి అందుకున్నాడు. మళ్లీ పై చరణం ఆమెది, కింది చరణం ఆయనది. అలా పాట చివరిదాకా వెళ్లింది.

"ఒంటరిగ వాయించాలె గదా" అని ఎవరో మెల్లగా గొణిగారు.

"ఇంకెవరు వాద్యం ముట్టొద్దన్నం, పాడొద్దన్లేదు" అన్నారు యాదగిరి గారు. "ఆమెను మనం ఎన్నడన్న చేర్చుకున్నమా? మన రూలు ఆమెకెందుకు?"

తాత బోసినోటితో నవ్వాడు. "అసలు గీ పాటే దానిది. నాట్లేస్తాంటె విని ఎత్తుకొచ్చిన. ఒక్కనాడన్న చెప్పలె మీకు." ఆ తర్వాత ఆయనే వెళ్లి చేతి తాళాలు తెచ్చి, మరియమ్మ చేతిలోని గిన్నె తీసి పక్కన పెట్టి, తాళాలు ఆమె చేతుల్లో పెట్టాడు. "ఒక పంట కాలం" అన్నాడు. ఆమె సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది కానీ తాళాలు వదల్లేదు.

ఆ సాయంత్రం మిగతా పాటలన్నీ విన్నాను. వాయింపులో తప్పులు చాలానే దొర్లాయి, హమాలీ అన్న డప్పు అందరికంటే ముందు పరిగెత్తింది. అయినా ఎన్నో కచేరీల్లో మెత్తటి కుర్చీలో కూర్చుని కలగని ఆనందం నాకు ఆ వడ్ల దుమ్ములో కలిగింది. ఎవరినీ తీసేయకూడదని పట్టుబట్టిన మనుషులే, ఇన్నేళ్లూ గడప మీద కూర్చున్న మనిషిని చూడలేదు. అది తలుచుకుంటే బాధేసింది. వాళ్లు ఆమెను చూసిన రోజున నేనక్కడ ఉన్నందుకు సంతోషమూ వేసింది.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. హాలియా నుంచి దేవరకొండకు సాయంత్రం ఆఖరి బస్సు ఎప్పుడో దిగగానే కనుక్కోండి. నేను కనుక్కోలేదు, బస్సు తప్పింది, తాత వాళ్లింట్లోనే పడుకున్నాను. తెల్లవారి మెలకువ వచ్చేసరికి వాకిట్లో తాళాల చప్పుడు.

"లయ తప్పుతాంది, మంచిగ కొట్టు" అని కసురుతున్నాడు తాత.

"నీ తప్పులు నలభై ఏండ్లు విన్న" అంది మరియమ్మ, చెయ్యి ఆపకుండా. "ఇగ నువ్వు జర నాయి విను."