గిన్నెల సబ్బూ, మా చెల్లెలి గాజులూ

గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో ఇంట్లో ఇంకా ఏమేం చేయవచ్చో ఫోనులో చూపించేవాళ్ళు చాలామంది ఉన్నారు. కొత్తది కనిపించినప్పుడల్లా మా కోడలు నాకు చెబుతుంది. చేసి చూడకుండా నేను ఏదీ నమ్మను. చేసి చూసినవాటిలో కొన్ని నిజం, కొన్ని అబద్ధం, కొన్ని మా ఉరవకొండలాంటి ఊళ్ళో నీళ్ళు దండగ చేసే పనులు.

నిజమైనవి చెబుతాను. చిక్కుడు పాదుకు పేనుబంక పడితే లీటరు నీళ్ళకు ఒక చిన్న చెంచా సబ్బు కలిపి, ఎండ తగ్గాక ఆకుల అడుగున చల్లాలి. పేను పోతుంది. మా కోడలు చెంచా తీసుకోకుండా సీసా వంచి పోసింది, ఆకుల అంచులు మాడిపోయాయి. చీరమీద శనక్కాయల నూనె మరక పడితే సబ్బును నీళ్ళు తగలకముందే పూయాలి. తడిపాక పూస్తే సగం మరక అలాగే ఉంటుంది. గ్యాస్ పైపు బిగించిన చోట నురుగు పూస్తే, లీకు ఉన్నచోట బుడగలు లేస్తాయి. సిలిండరు తెచ్చినతను వాసన చూసి అంతా బాగుందని అంటాడు. నేను నురుగు పూసి చూసుకునేదాకా అతన్ని గడప దాటనివ్వను. విసుక్కుంటాడు, విసుక్కోనీ. కళ్ళద్దాలకు ఒక చుక్క రుద్ది మెత్తటి గుడ్డతో తుడిస్తే ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు మసక పట్టవు. ఇక చీమల బారును సబ్బుతో తుడిస్తే మళ్ళీ రావన్నది అబద్ధం. మధ్యాహ్నానికి వచ్చాయి.

సబ్బు ఎక్కువైతే కడగడానికి నీళ్ళూ ఎక్కువ కావాలి. మా కొళాయికి నీళ్ళు రోజు మార్చి రోజు వస్తాయి. అందుకని ఒక పాలు సబ్బుకు మూడు పాళ్ళు నీళ్ళు కలిపి వేరే సీసాలో పోసుకుంటాను. కలిపిన తేదీ సీసా మీద రాస్తాను. ఈ పలచటి సబ్బు నాకు అన్ని పనులకూ సరిపోతుంది, ఒక్కదానికి తప్ప. దానికి నీళ్ళు కలపని చిక్కటి సబ్బే కావాలి. ఆ పనిని మా కోడలు ఏ ఫోనులోనూ చూడలేదట. నేను రాయదలచుకున్నది దాని గురించే.

మా చెల్లెలు కంబదూరు దగ్గర ఒక పల్లెలో ఉంటుంది. జాకెట్లు కుట్టి బతుకుతుంది. పొలం ఉన్నా, వాన పడిన ఏడు తప్ప దానిమీద వచ్చేది లేదు. ఆమెకు చాలా ఏళ్ళుగా షుగర్. ఒకసారి కాలికి తుమ్మముల్లు గుచ్చుకుని పుండు ఎంతకీ మానక, చివరికి కాలి వేలు తీసేయాల్సి వచ్చింది. ఒంటిమీద గీత కూడా పడకుండా చూసుకోమని డాక్టరు అప్పటినుంచీ చెబుతూనే ఉన్నాడు. అలాంటి సమయంలో ఆమె భర్త పోయాడు. నేను వెళ్ళి దినాలు అయ్యేదాకా అక్కడే ఉన్నాను.

మా వైపు భర్త పోయిన ఆడమనిషికి ముందు చేతుల నిండా కొత్త గాజులు తొడుగుతారు. పదకొండో రోజు పొద్దున రెండు చేతులూ ఒకదానికొకటి కొట్టి ఆ గాజులను చేతిమీదే పగలగొడతారు. మణికట్టు మీద గాట్లు పడతాయి. నాలుగు రోజుల్లో మానిపోతాయని ఎవరూ వాటిని పట్టించుకోరు. కానీ మా చెల్లెలి ఒంటికి గాయం మానడమే కష్టం.

దినాలకు ముందు రోజు ఆమె నా పక్కన కూర్చుని చేతులు చూసుకుంది.

"అక్కా, కాలి వేలు పోతే కుంటుకుంటా కుడతాండా. చెయ్యి పోతే దేంతో కుట్టేది?"

ఈ మాట ఆమె ఆడబిడ్డతో చెప్పడానికి వెళ్ళాను. ఆ ఇంట్లో పెద్దది ఆవిడే. నాలాగే ఆవిడకూ భర్త లేడు. మేమిద్దరం ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాము. ఆవిడ నేను చెప్పిందంతా వింది. వాళ్ళమ్మకు పగలగొట్టారనీ, తనకు పగలగొట్టారనీ, నాకూ పగలగొట్టారనీ, ఎవరి చెయ్యీ ఊడిపోలేదనీ అంది. మనలో ఎవరికీ షుగర్ లేదు కదా అన్నాను. తమ్ముడు పోయి పది రోజులు కాలేదు, అప్పుడే గాజుల మీద బేరాలాడుతున్నామని కంటినీళ్ళు పెట్టుకుంది. పది రోజులు ఆ రోజుతో నిండుతున్నాయి. ఆ సంగతి నేను చెప్పలేదు. ఆ ఏడుపులో అబద్ధం లేదు గనుక లేచి వచ్చేశాను.

మధ్యాహ్నం గాజులామె వచ్చింది. చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగే ముస్లిమావిడ. అన్నీ ఆకుపచ్చ గాజులే కావాలని ఆడబిడ్డ పట్టుపట్టింది. గాజులామె దగ్గర ఆకుపచ్చవాటిలో పెద్ద సైజు లేదు. ఉన్నవి మా చెల్లెలికి పెళ్ళినాడు సరిపోయే సైజువి. ఇప్పుడు చేతులు ఉబ్బి ఉన్నాయి. గాజులామె చెయ్యి పట్టుకుని మెల్లగా నొక్కి చూసింది. సామాన్లు తోమే సబ్బు ఉంటే ఇమ్మంది, నీళ్ళు కలిపింది వద్దంది. తెచ్చి ఇచ్చాను. చేతికి డజను చొప్పున రెండు చేతులకూ ఎక్కించింది. ఒక్కటీ చిట్లలేదు.

నేను పక్కనే కూర్చుని ఆమె వేళ్ళను చూస్తూ ఉన్నాను. చేతికి ఎక్కించినదాన్ని అదే దారిన దింపవచ్చు కదా అనిపించింది. ఆడబిడ్డ లోపలికి వెళ్ళాక ఆ మాటే అడిగాను.

గాజులామె నా మొహం వైపు చూసింది. "ఎక్కించేదే మా పని అవ్వా. దింపమని ఇంతవరకూ ఎవురూ అడగల్యా."

"నేను అడుగుతాండా కదమ్మా."

ఇంకోసారి సబ్బు వేసి ఒక గాజు దింపి చూపించింది. బొటనవేలిని అరచేతిలోకి మడవాలి. గాజును గుంజకూడదు, తిప్పుతూ జరపాలి. బొటనవేలి ఎముక దగ్గర తొందరపడితే పగులుతుంది, అక్కడ ఒక్క క్షణం ఆగి, అవతలివాళ్ళు ఊపిరి వదిలినప్పుడు దాటించాలి. దింపే ముందు చెయ్యి కాసేపు పైకి ఎత్తి పట్టుకుంటే ఉబ్బు తగ్గుతుందని కూడా చెప్పింది. తీసిన గాజును మళ్ళీ ఎక్కించి, పెట్టె సర్దుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయింది.

మరునాడు పొద్దున మా చెల్లెల్ని లోపలి గదిలో కూర్చోబెట్టారు. ముత్తైదువులు ఆ గదిలోకి రారు, వాకిట్లో మొహాలు తిప్పుకుని నిలబడతారు. భర్త లేనివాళ్ళే ఆ పని చేయాలి. నా భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆ లెక్కన ఆ గదిలో కూర్చునే హక్కు నాకు వాళ్ళ ఆచారమే ఇచ్చింది. నేను స్టీలు పళ్ళెం, చెంబుతో చన్నీళ్ళు, సబ్బు సీసా తీసుకుని లోపలికి వెళ్ళాను. మా చెల్లెలి చేతులు రెండూ పైకెత్తి నా భుజాల మీద పెట్టించుకున్నాను.

ఆడబిడ్డ సీసా చూసి, ఇదేమి వదినా అని అడిగింది.

"పొద్దు పొడిచేలోగా ఈమె చేతులు బోసిగా ఉండల్ల. అంతే కదా?" అన్నాను.

"పగలగొట్టల్ల."

"పగలగొట్టేది ఎందుకు? బోసిగా చేసేదానికే కదా. బోసిగా చేసి నీ ముందర పెడతా. అప్పటికీ నీకు చాలకుంటే అడుగు."

"జనానికి ఏం చెప్పల్ల నేను?"

"జనం ముల్లు తీసినారా? జనం ఆస్పత్రికి మోసినారా? ఆ పొద్దు బండెక్కి పోయింది నువ్వూ నేనే. కోసిన వేలు నువ్వూ చూసినావు వదినా."

ఆవిడ ఒప్పుకున్నట్లూ కాదు, వద్దన్నట్లూ కాదు. గోడకు ఆనుకుని కూర్చుంది. మిగిలిన ఇద్దరు ముసలమ్మలు ఆవిడ వైపు చూశారు, ఆవిడ నా చేతుల వైపు చూస్తూ ఉంది. నేను మొదలుపెట్టాను.

మొదటి గాజుకే చాలాసేపు పట్టింది. రెండోది దిగింది. మూడోది దిగింది. వాటిని ఒక్కొక్కటిగా పళ్ళెంలో పెట్టాను. కుడి చెయ్యి బోసి అయ్యేసరికి మా చెల్లెలు కళ్ళు తెరిచి చూసుకుంది. ఎడమ చేతికి చివరి గాజు వచ్చాక, నా వేళ్ళకున్న సబ్బు వల్ల అది జారి బండమీద పడి పగిలింది.

ఒక ముసలమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. "పగిలె. శాస్త్రం అయిపాయె" అంది.

ఆడబిడ్డ కూడా చాలు అన్నట్లు తల ఊపి, కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. నేను ఊరుకోలేదు.

"అది జారిపడింది. పగలగొట్టింది కాదు," అన్నాను.

తరవాత వాకిట్లో ఎవరేం చెప్పుకున్నారో నాకు తెలియదు. మా చెల్లెలి రెండు చేతులూ వెలుతురులో తిప్పి తిప్పి చూశాను. బొటనవేలి దగ్గర కాస్త ఎర్రగా కందింది, చర్మం ఎక్కడా తెగలేదు. మిగిలిన ఇరవై మూడు గాజులనూ బావిలో పారేయమన్నారు. సరేనన్నాను. సబ్బు పోయేలా కడిగి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టి నా సంచిలో వేసుకున్నాను. ఉరవకొండ బస్సులో ఆ సంచి ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను.

నెల మాసికం అయ్యాక మా చెల్లెలు రక్తపరీక్షకని వచ్చి నా దగ్గర రెండు రోజులు ఉంది. అన్నాలు తిన్నాక గిన్నెలు తను తోముతానంది. సబ్బు ఎక్కువ పోస్తోందని నేను గొణుగుతూనే ఉన్నాను. నురుగులో చేతులు అలాగే ఉంచి అడిగింది.

"ఆ గాజులు బాయిలో ఏసినావా?"

లేదన్నాను.

"తే."

తెచ్చి ఇచ్చాను. గిన్నెలు పక్కకు జరిపి, చిక్కటి సబ్బు చేతికి పోసుకుని, బొటనవేలు లోపలికి మడిచి, తనే చేతికి రెండేసి ఎక్కించుకుంది. చేతులు కడుక్కుని, మణికట్టు ఊపి, ఆ చప్పుడు విని, నా వైపు తిరిగింది.

"నీ చెయ్యి యియ్యి."

ఈ వయసులో నాకెందుకే అన్నాను. మీ బావ పోయి ఇన్నేళ్ళయింది, ఇప్పుడు గాజులేసుకుంటే వీధిలో నవ్వుతారు అన్నాను. అన్నాక, నా నోటినుంచి వచ్చింది ఆ ఆడబిడ్డ మాటేనని తెలిసింది.

"నా చేతులకైతే వకాల్తా పట్టినావు," అంది మా చెల్లెలు. "నీ చేతులకు ఎవురు పట్టల్ల?"

ఆమె సీసా మూత తీసి పట్టుకుని కూర్చుంది. నేను చెయ్యి చాపాను. నా చేతులు ఎండి, సన్నబడి ఉన్నాయి. ఆమె ఒక గాజు తీసి వేళ్ళ దగ్గర పెట్టింది. అది ఎక్కడా ఆగకుండా మణికట్టు దాకా వెళ్ళిపోయింది. రెండోదీ అంతే. నా చేతికి సబ్బు అవసరమే రాలేదు.